అవార్డు బాలల పుస్తకాలతో ఏడాది పొడవునా రీడింగ్ ఛాలెంజ్: మన బడిలో, మన ఊరి గ్రంథాలయంలో నడిపే పద్ధతి

పిల్లల చేత అవార్డు పుస్తకాలు చదివించే ఛాలెంజ్ పెట్టాలనుకుంటున్నాం, ఎన్ని పుస్తకాలు కావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, మధ్యలో ఆగిపోకుండా ఏం చేయాలి అని ఆదోని, ఎమ్మిగనూరు వైపు టీచర్లు, గ్రంథాలయాలు చూసుకునేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది ముప్పై మంది పిల్లలకు సరిపోయే లెక్క. ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఇలాంటివి ఎక్కువగా ఆగిపోయేది పిల్లలకు ఆసక్తి లేక కాదు, పుస్తకం చేతికి అందక. పోస్టరు అంటించాక కాపీల కోసం వెతుకులాట మొదలైతే ఆగస్టు దాటకముందే అందరూ మరిచిపోతారు. అందుకే ఇందులో సగం మాటలు సన్నాహం గురించే.

1. పోస్టరు అంటించకముందు తేల్చుకోవాల్సినవి

ఎవరికి: 5 నుంచి 8వ తరగతి దాకా కలిపి ఒకే బృందం. అంతకంటే చిన్నవాళ్ళకు బొమ్మల పుస్తకాలతో వేరుగా పెట్టండి. పదో తరగతిని వదిలేయండి. తొమ్మిదివాళ్ళు వస్తామంటే, చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదివించే పని అప్పజెప్పండి. బాగా చేస్తారు.

ఎంతమంది: మొదటి ఏడాది ముప్పై దాటొద్దు. బడి మొత్తానికీ పెడదామని పైవాళ్ళు ఉత్సాహపడితే, వచ్చే ఏడాది పెంచుదామని నచ్చజెప్పండి. ముప్పై మందిలో ఎవరు ఏ పుస్తకం దగ్గర ఉన్నారో మీకు నోటికి వస్తుంది. నూరు మందైతే రిజిస్టరుకు మాత్రమే తెలుస్తుంది.

లక్ష్యం: ఎనిమిది పుస్తకాల జాబితా పెట్టి, వాటిలో ఏవైనా ఐదు చదివితే ఛాలెంజ్ పూర్తయినట్టు చూడండి. ఎనిమిదీ చదవాలంటే డిసెంబరు నాటికే వెనకబడ్డవాళ్ళు చేతులెత్తేస్తారు. ఐదైతే ఒక్కో పుస్తకానికి సెలవులతో కలిపి నెల పైనే దొరుకుతుంది.

కాలం: జులైలో మొదలు, ఫిబ్రవరి చివరికి చదవడం పూర్తి, ఏప్రిల్ 2న ముగింపు సభ. జూన్‌లో అడ్మిషన్లు, పాఠ్యపుస్తకాల పంపిణీతో ఎవరికీ తీరిక ఉండదు. మార్చిలో పదో తరగతి పరీక్షలు, నెల నడిమికి ఒంటిపూట బడులు. ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, డెన్మార్క్ కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టినరోజు. మన వైపు ఆ తేదీకి ఇంకో సౌకర్యం కూడా ఉంది, అది 6వ అంశంలో చెబుతాను.

2. జాబితా తయారుచేయడం

తెలుగు పుస్తకాలకు ఆధారంగా పెట్టుకోదగింది కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం. 2010 నుంచి ఏటా 24 భాషల్లో ఇస్తున్నారు. తెలుగులో పురస్కారం వచ్చినవాటిలో ఇవి వెతకండి:

□ అడవి తల్లి, కలువకొలను సదానంద, 2010, నవల
□ ఆనందం, దాసరి వెంకటరమణ, 2014, కథలు
□ తాత మాట వరాల మూట, బెలగాం భీమేశ్వరరావు, 2019
□ స్నేహితులు, కన్నెగంటి అనసూయ, 2020
□ నేను అంటే ఎవరు?, దేవరాజు మహారాజు, 2021
□ బాలల తాతా బాపూజీ, పత్తిపాక మోహన్, 2022, గేయరూపం
□ వజ్రాల వాన, డి.కె. చదువుల బాబు, 2023, కథలు
□ మాయాలోకం, పి. చంద్రశేఖర్ ఆజాద్, 2024, నవల
□ కబుర్ల దేవత, గంగిశెట్టి శివకుమార్, 2025

చదువుల బాబు మన పక్క కడప జిల్లా రచయిత. మొదటి పుస్తకంగా ఆయన కథలు ఇస్తే పిల్లలకు దగ్గరతనం ఉంటుంది. ఎక్కడో ఢిల్లీలో ఇచ్చే బహుమతి మనవైపు మనిషికి వచ్చిందంటే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి.

అన్నీ దొరుకుతాయని అనుకోవద్దు. ఐదారు దొరికితే అదృష్టం. మిగతా ఖాళీలకు తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం), ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ కలిసి నడిపే పోటీల్లో ఎంపికై అచ్చయిన పిల్లల పుస్తకాలు చూడండి. వాటిలో బొమ్మలు కూడా బాగుంటాయి, చదవడం ఇంకా కుదురుకోని పిల్లలకు అవే మెట్టు.

జాబితా వేసేటప్పుడు చిక్కుపడే చోట్లు రెండు. కొన్ని ఏళ్ళలో ఈ పురస్కారం ఒక పుస్తకానికి కాకుండా రచయిత మొత్తం కృషికి ఇచ్చారు. ఆ ఏడాది పుస్తకం పేరు కోసం తల బద్దలుకొట్టుకోకుండా, ఆ రచయిత రాసినవాటిలో దొరికినది తీసుకోండి. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు కూడా రెండేళ్ళకోసారి మొత్తం కృషికి ఇచ్చేదే, ఒక్క పుస్తకానికి కాదు. న్యూబెరీ, కాల్డెకాట్ పతకాలు అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చేవి. వాటి మీద మీ జాబితా ఆధారపడకూడదు, తెలుగు అనువాదం చేతిలో ఉంటేనే చేర్చండి.

మన ప్రాంతంలో ఉర్దూ మీడియం పిల్లలు ఉన్నారు, సరిహద్దు మండలాల్లో కన్నడ మీడియం పిల్లలు ఉన్నారు. పురస్కారం ఆ భాషల్లోనూ ఉంది కాబట్టి వాళ్ళను పక్కన కూర్చోబెట్టాల్సిన పని లేదు. ఆ టీచర్ల సాయంతో ఒక్కో భాషలో రెండు పుస్తకాలు తెప్పించి అదే ఛాలెంజ్‌లో కలపండి. ఇంగ్లీషు ఇష్టపడే పెద్ద పిల్లలకు సుధామూర్తి పుస్తకం ‘గ్రాండ్‌పేరెంట్స్ బ్యాగ్ ఆఫ్ స్టోరీస్’ ఉంది, 2023లో ఇంగ్లీషు విభాగంలో ఈ పురస్కారం వచ్చింది దానికే.

అవార్డు వచ్చినంత మాత్రాన ప్రతి పుస్తకమూ మీ ఐదో తరగతికి సరిపోదు. ముందు మీరు పూర్తిగా చదవండి. తర్వాత మధ్యలో ఒక పేజీ తీసి, తరగతిలో సగటుగా చదివే పిల్లవాడి చేత బిగ్గరగా చదివించండి. పేజీకి ఐదు మాటలకంటే ఎక్కువ చోట్ల ఆగితే ఆ పుస్తకం ఏడు, ఎనిమిది తరగతులకు. జాబితాలో ఆ పుస్తకం పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి, పుస్తకం మీద మాత్రం ఏమీ రాయొద్దు. ‘పెద్దవాళ్ళది’ అని అట్ట మీద కనిపిస్తే చిన్నవాళ్ళు దాన్ని ముట్టరు.

3. కాపీలు సంపాదించడం

పిల్లల సంఖ్యకంటే కాపీలు మూడోవంతు ఎక్కువ ఉండాలి. ముప్పై మందికి ఎనిమిది పుస్తకాలు, ఒక్కోటి ఐదు కాపీలు, మొత్తం నలభై. అప్పుడు అందరి చేతుల్లో ఒక్కోటి పోగా, ఏది తీసుకోవాలా అని ఎంచుకోవడానికి బీరువాలో పది మిగులుతాయి. ఎంచుకునే వీలు లేకపోతే అది ఇంకో పాఠ్యపుస్తకమే.

కాపీ సగటున 120 రూపాయలు వేసుకుంటే 4,800. పోయేవి, చిరిగేవి అని ఇంకో ఐదు వందలు పక్కన పెట్టండి. పూర్వ విద్యార్థులను డబ్బు అడగడం కంటే ‘ఈ పుస్తకం ఐదు కాపీలు మీరు కొనిపెట్టండి’ అని పేరు చెప్పి అడిగితే తొందరగా ఒప్పుకుంటారు.

తెలుగు బాలల పుస్తకాలు చాలావరకు రచయితలే సొంతంగా అచ్చు వేసుకుంటారు, తక్కువ కాపీలు వేస్తారు. అందుకే దుకాణంలో లేదంటే అచ్చులోనే లేదని అనుకోవద్దు. ఎక్కడైనా ఒక్క కాపీ దొరికితే లోపల ముద్రణ వివరాల పేజీ తీసి చూడండి, ‘ప్రతులకు’ అన్నచోట చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. పిల్లల ఛాలెంజ్ కోసమని చెప్పి అడిగితే తగ్గింపు ఇచ్చేవాళ్ళే ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు ఊరి నుంచి ఎవరైనా వెళుతుంటే జాబితా చేతికివ్వండి. అంటే వచ్చే జులైకి కొనుగోలు ఈ జనవరిలోనే మొదలుకావాలి.

పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించడం, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం చేయకండి. అది ఆ రచయిత నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. ఉచితంగా కావాలంటే ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు అనుమతితోనే దించుకోవచ్చు. అవి సన్నాహక చదువుకు పనికొస్తాయి.

పుస్తకాలు వచ్చాక చేయాల్సినవి:

□ లోపలి పేజీలో ముద్ర, కాపీ నంబరు
□ వెన్నుకు గుడ్డ టేపు, అట్టకు పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు (కాగితం అట్ట వేస్తే బొమ్మ మూసుకుపోతుంది, పిల్లలు ఎంచుకునేది ఆ బొమ్మ చూసే)
□ చివరి అట్ట లోపల ఒక ఖాళీ కాగితం, చదివినవాళ్ళు ఒక్క వాక్యం రాయడానికి
□ ఎనిమిది పేర్లతో పిల్లలకు ఒక్కో కార్డు

4. రిజిస్టరు గీసుకునే తీరు

లాంగ్ సైజు నోటుబుక్కు చాలు. పిల్లకు ఒక పేజీ. పుస్తకానికి ఒక పేజీ పెడితే ఎవరు వెనకబడ్డారో కనిపించదు.

పేజీలో ఐదు గడులు: పుస్తకం, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, మాట్లాడిన తేదీ, ‘ఎక్కడ ఆగింది’. చివరి గడినే జాగ్రత్తగా చూసుకోండి. పిల్లవాడు పుస్తకం సగంలో తెచ్చిచ్చేస్తే తిట్టకుండా, ఏ పేజీ దగ్గర ఆగిందో, ఎందుకో వాడి మాటల్లోనే రాయండి. ‘34, పేర్లు ఎక్కువున్నాయి, కలిసిపోతున్నాయి.’ ‘12, తమ్ముడు లాక్కున్నాడు.’ ‘రెండో కథ, ఏడుపొచ్చింది.’ రెండు నెలలు పోయాక ఈ గడి ఒక్కటీ పైనుంచి కిందికి చదవండి. నలుగురైదుగురు ఒకే పుస్తకంలో ఒకే చోట ఆగి ఉంటే, తప్పు పిల్లలది కాదు. ఆ పేజీలు మీరే బిగ్గరగా చదివి దాటించండి.

5. ‘చదివినట్టు’ అంటే ఏమిటో ముందే చెప్పడం

సారాంశం రాసుకురమ్మని మాత్రం అడగకండి. ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇది పాటించండి. సారాంశం అడిగిన మరుక్షణం ఒకరు రాస్తారు, పదిమంది చూసి రాస్తారు, పుస్తకం ఎవరూ తెరవరు.

దానికి బదులు ఐదు నిమిషాల మాట. బల్ల దగ్గర కాదు, చెట్టు కిందో మెట్ల మీదో పక్కపక్కన కూర్చుని. ‘బాగుంది సార్’ అని వదిలించుకునే పిల్లలకు పనికొచ్చే ప్రశ్నలు:

□ ఎక్కడ నిలబడిపోయి మళ్ళీ చదివినావు?
□ ఇందులో ఎవరితో నువ్వు పోట్లాడతావు?
□ మన ఊర్లో ఇట్లాంటి మనిషి ఉన్నారా?
□ బొమ్మలో ఉండి మాటల్లో లేనిది ఏమన్నా చూసినావా?

జవాబు తప్పా ఒప్పా అని చూడొద్దు. పుస్తకం తెరవని పిల్లవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. అప్పుడు ‘ఇంకో వారం పెట్టుకో’ అని పుస్తకం తిరిగి చేతికిచ్చేయండి, అంతకుమించి ఒక్క మాట వద్దు.

లెక్కలోకి వచ్చేవి: తనంతట తాను చదివింది, ఇద్దరు కలిసి చదివింది, ఇంట్లోవాళ్ళకు బిగ్గరగా చదివి వినిపించింది. చదవడం ఇంకా తడబడే పిల్లలకు పక్కవాళ్ళు చదువుతుంటే వేలు పెట్టి చూస్తూ విన్నదీ లెక్కే. ఇరవై పేజీలు చదివాక నచ్చకపోతే మార్చుకునే హక్కు అందరికీ ఉంటుంది.

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకు ఫస్టు, సెకండు బహుమతులు పెట్టకండి. మొదటి నెలలోనే ముగ్గురు ముందుకు పరుగెత్తుతారు, మిగతా ఇరవై ఏడుగురు ప్రేక్షకులైపోతారు.

6. సుగ్గికి పోయే పిల్లల సంగతి

బయటి ఊళ్ళవాళ్ళు రాసిన ఏ మార్గదర్శిలోనూ ఇది కనిపించదు, మనకు మాత్రం ఇది లేకుండా కుదరదు. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్ళలో దీపావళి దాటాక కుటుంబాలు సుగ్గికి, అంటే పత్తి తీతకు, మిరప కోతకు, గుంటూరు వైపో తెలంగాణకో కదులుతాయి. మీ ముప్పై మందిలో కొందరు నవంబరుకల్లా ఉండరు. ముందే ఒప్పుకుని ఛాలెంజ్‌ను దానికి తగ్గట్టు కట్టుకోండి.

అక్టోబరు చివర్లో ఎవరెవరు పోతున్నారో, ఎవరు అవ్వ దగ్గర ఉండిపోతున్నారో, ఎవరు సీజనల్ హాస్టల్లో (వలసపోయేవాళ్ళ పిల్లల కోసం నడిపేది) చేరుతున్నారో పిల్లలనే అడిగి రాసుకోండి. ఈ ముగ్గురికీ మూడు దారులు.

తల్లిదండ్రులతో పోయేవాళ్ళకు రెండు పుస్తకాలు చేతికివ్వండి, గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి. పోతే పోయాయని ముందే అనుకోండి, ఆ ఐదు వందలు పక్కన పెట్టింది ఇందుకే. సంతకాలు పెట్టించుకోవడం, జరిమానా చెప్పడం చేస్తే తల్లి ఆ పుస్తకాలు ఇంట్లోనే వదిలి పోతుంది. ఇంటి ఫోనుకు పదిహేను రోజులకోసారి మీరే ఒక వాయిస్ మెసేజ్ పంపి, ఎక్కడిదాకా వచ్చిందో వాయిస్‌లోనే చెప్పమనండి. అదే ఐదు నిమిషాల మాట కింద లెక్క.

అవ్వ దగ్గర ఉండిపోయే పిల్లలు రాత్రిపూట ఆమెకు చదివి వినిపించాలి. అవ్వకు చదువు రాకపోవడమే ఇక్కడ మంచిది. కథ మధ్యలో పిల్ల ఆగితే ‘మళ్ళేమాయె?’ అని అవ్వ ఊరుకోదు, ఆ ఒక్క మాట మన బోధన కంటే ఎక్కువ పేజీలు తిప్పిస్తుంది. మరునాడు పిల్లను ‘అవ్వ ఏమనింది?’ అని అడగండి.

హాస్టల్ పిల్లలకు పది పుస్తకాలతో ఒక చిన్న పెట్టె పంపి, తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకరికి బాధ్యత ఇవ్వండి.

పోయినవాళ్ళలో చాలామంది ఉగాదికి ఊరు చేరుకుంటారు. ఏప్రిల్ 2 ముగింపు అని ముందు చెప్పింది అందుకే. వాళ్ళకు లక్ష్యం ఐదు కాదు, మూడు. కార్డు మీద ఇచ్చేది మాత్రం అదే ముద్ర.

7. నెలవారీ పట్టిక

జులై: ప్రారంభం. పుస్తకాలన్నీ బల్లల మీద పరిచి అరగంట ఊరికే తిరగేయనివ్వండి. ఉపన్యాసాలు వద్దు. అదే రోజు పుస్తకం చేతికివ్వాలి.

ఆగస్టు: 29న తెలుగు భాషా దినోత్సవం. ప్రతి పుస్తకం నుంచి ఒక పేజీ, ఆ పుస్తకం చదివిన పిల్లలే బిగ్గరగా చదవాలి.

సెప్టెంబరు, అక్టోబరు: దసరా సెలవులకు తలా ఒక పుస్తకం. సెలవులయ్యాక రిజిస్టరులో చివరి గడి పరిశీలన.

నవంబరు: 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలను దగ్గరి శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళి సభ్యత్వం ఇప్పించండి. మీ జాబితా కాపీ ఒకటి గ్రంథాలయాధికారికి ఇచ్చి, కొనుగోలు కోసం పైకి రాయమని అడగండి.

డిసెంబరు: బృందం పలచబడే నెల. కలుసుకోవడం మాత్రం ఆపొద్దు, ఆరుగురు వచ్చినా సరే.

జనవరి: సంక్రాంతి సెలవులు. మళ్ళీ తలా ఒకటి.

ఫిబ్రవరి: మిగిలినవి పూర్తి చేయడం, ఒకటే తక్కువైనవాళ్ళకు తోడు కూర్చుని చదవడం.

వారానికోసారి నలభై నిమిషాలు చాలు, నో బ్యాగ్ డే పెట్టిన శనివారమైతే కలిసొస్తుంది. మొదటి పది నిమిషాలు మీరు ఏదో ఒక పుస్తకం బిగ్గరగా చదివి, ఉత్కంఠ ఉన్నచోట ఆపేయండి. ఇరవై నిమిషాలు అందరూ నిశ్శబ్దంగా చదవాలి, మీరూ చదవాలి, ఫోను చూడకూడదు. చివరి పది నిమిషాల్లో పుస్తకాల మార్పిడి. ఐదు నిమిషాల మాటలు ఇందులో ఇరికించకుండా వారంలో మిగతా రోజుల్లో భోజన విరామానికి పెట్టుకోండి.

8. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందు

ఒకే పుస్తకానికి అందరూ ఎగబడతారు. వరుస చీటీ పెట్టండి, ఆ పుస్తకానికి గడువు పది రోజులకు తగ్గించండి.

ఒక పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. మొదటి పేజీలు కాదు, మధ్యలో మంచి ఘట్టం చూసి శనివారం మీరు చదవండి. అయినా కదలకపోతే జాబితా నుంచి తీసేయండి, అవార్డు వచ్చిందని మొహమాటపడక్కర్లేదు.

పుస్తకం ఇంట్లో దాచేస్తారు. తల్లి భయం అది, చిరిగితే డబ్బు కట్టమంటారని. మొదటి తల్లిదండ్రుల సమావేశంలోనే ‘చిరిగితే మేం అతికించుకుంటాం’ అని గట్టిగా చెప్పండి.

ఆడపిల్లలు సాయంత్రం కలుసుకోవడానికి రాలేరు, ఇంటి పని ఉంటుంది. బడి వేళల్లోనే పెట్టండి. దీనికి వేరే మందు లేదు.

నడిపే టీచరుకు బదిలీ అవుతుంది. అందుకే మొదటి నుంచీ ఇద్దరు చూసుకోవాలి, రిజిస్టరు బడిలోనే ఉండాలి.

9. ముగింపు: పిల్లల అవార్డు

పెద్దలు ఇచ్చిన అవార్డులు చదివాక, తమకు నచ్చిన పుస్తకానికి అవార్డు ఇచ్చేది పిల్లలే. మూడు పుస్తకాలు చదివిన ప్రతి ఒక్కరికీ ఓటు ఉంటుంది. చీటీ మీద మొదటి, రెండో, మూడో పుస్తకం పేర్లు రాస్తారు. వరుసగా మూడు, రెండు, ఒక మార్కు. పిల్లలే అందరి ముందూ లెక్కించాలి, నల్లబల్ల మీద గీతలు పెడుతూ. మీ అభిమాన పుస్తకం ఓడిపోతే పోనివ్వండి.

గెలిచిన పుస్తకం రచయితకు ప్రతి పిల్లా ఒక పోస్టుకార్డు రాయాలి. కార్డు యాభై పైసలే, చిరునామా ముద్రణ పేజీలో ఉంటుంది. పొగడ్తలు మీరు నల్లబల్ల మీద రాసి ఎక్కించొద్దు. ఎవరికి నచ్చింది వాళ్ళు, నచ్చనిదీ వాళ్ళే రాయనివ్వండి. రచయితను పిలవాలనుకుంటే దారిఖర్చులు, భోజనం మీరే పెట్టుకోవాలి, గంటన్నర సమయమంతా పిల్లల ప్రశ్నలకే ఇవ్వాలి. వేదిక మీద అతిథులు ఎక్కువైతే పిల్లల వంతు రాదు.

ఆ రోజుకు:

□ పూర్తి చేసినవాళ్ళందరికీ ఒకే రకం సర్టిఫికెట్, ఒక్కో పుస్తకం
□ పూర్తి చేయనివాళ్ళకు కార్డు తిరిగి చేతికి, చదివినవాటికి ముద్రలతో
□ పుస్తకాల చివరి అట్టలో పిల్లలు రాసిన వాక్యాలు గోడ మీద
□ వచ్చే ఏడాది పుస్తకాలు ఎంచడానికి నలుగురు పిల్లలతో కమిటీ, అందులో సుగ్గి నుంచి వచ్చినవాళ్ళు ఒకరు తప్పనిసరి

ఏప్రిల్ మూడో వారానికల్లా కాపీలు లెక్క చూసి, వెన్ను విడిపోయినవి కుట్టించండి. వేసవిలో మూసి ఉన్న గదికి చెద పడుతుంది, కాబట్టి పెట్టెను గోడకు జానెడు దూరంగా, ఇటుకల మీద పెట్టి ఎండు వేపాకు వేయండి. సాధ్యమైతే సగం పుస్తకాలు అసలు పెట్టెలోకే పోనివ్వకుండా, సెలవులకు అడిగిన పిల్లల ఇళ్ళకు పంపేయండి.